గ్రహణానికి వేరు కాపురం

రాహువనే పాము చంద్రుణ్ని మింగుతుందన్న కథను ముప్పై ఏళ్లకు పైగా వేదికలెక్కి చీల్చి చెండాడినవాణ్ని. అటువంటి నేను ఆఖరికి ఒక గ్రహణం లెక్క తేల్చడానికి కొండచిలువను ఆశ్రయించాల్సి వచ్చింది. పైథాన్ అంటే కొండచిలువ, కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో ఒకదానికీ అదే పేరు. రిటైరైన ఫిజిక్సు మాస్టారి బుర్రకు తుప్పు పట్టకుండా ఉంటుందని ఈ మధ్యే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

"మొత్తానికి మీకూ ఒక పాము కావలసి వచ్చిందన్నమాట," అంది మా ఆవిడ. మర్నాటి ఆరాధనకు చీర ఇస్త్రీ చేసుకుంటోంది. ఆదివారం పూట ఆమె చర్చికి వెళ్తుంది, నేను దేవుడు లేడని వ్యాసం రాస్తాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే కూరతో అన్నం తింటాం.

మాది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో పాతుకుపోయిన క్రైస్తవ ఉపాధ్యాయుల కుటుంబం. వేదికెక్కి మాట్లాడటం నాకు నేర్పింది చర్చి యువజన సంఘమే. నేర్చుకున్న విద్యను మొదట వాళ్ల మీదే ప్రయోగించాను. నోవహు ఓడలో ఏనుగులకు మేత ఎక్కడ నిల్వ చేశారని అడిగితే పాస్టరు గారు టీ ఇప్పించి, ఇంటికి వెళ్లి ప్రార్థన చేసుకోమన్నారు. టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత హేతువాద గోష్ఠుల్లో ఆరితేరాను. అక్కడ మాకు ఒకటే ఆయుధం: "ఆధారం ఏది?" ఎదుటివాడు జ్యోతిష్కుడైనా, నూనె రాసి రోగాలు కుదిర్చే ప్రసంగీకుడైనా, తాయెత్తులమ్మే ఆయనైనా అదే ప్రశ్న. బన్సీలాల్‌పేట్‌లో మా అపార్టుమెంటు పిల్లలు నన్ను "ఆధార్ సారు" అంటారు. మొహం మీద అనరు గానీ, లిఫ్టు తలుపు మూసుకునే లోపల వినపడుతుంది.

పైథాన్‌లో నాకు గురువు మా ఎదురు ఫ్లాటు కోడలు పిల్ల. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. అప్పటికి ఏడో నెల. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు ఆమెకూ వచ్చింది. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంటుంది. వేసుకున్నాక వేళకు తినకపోతే కళ్లు తిరిగి పడిపోతావని, అది తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాబట్టి ఆ పిల్లకు తిండి అంటే మందుతో సమానం.

అటువంటి సమయంలో, వచ్చే కాముని పున్నమి నాడు, అంటే హోళీ నాడు, చంద్రగ్రహణం ఉందని తెలిసింది.

వాళ్ల అత్తగారు మోండా మార్కెట్ నుంచి కూరల సంచీతో వచ్చి, మెట్ల మీద ఆగి, ఊపిరి తీసుకుంటూ నాతో ఈ వార్త చెప్పింది. ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె సారూ అంటుంది.

"గ్రహణం నాడు పొద్దుగాల కెల్లి కోడలు మంచినీళ్లు సుత ముట్టొద్దు సారూ. విడిచినంక తానం చేసి, గప్పుడే బువ్వ. మా అత్త నన్ను గట్లనే ఉంచింది."

"ఇన్సులిన్ సంగతి ఏం చేస్తావక్కా?"

"ఒక్కనాడు ఆగితే ఏమైతది? గ్రహణం పడ్డ పోరగాండ్లను చూసినవా నువ్వు? పెదవి చీలి పుడ్తరు."

"ఆధారం ఏది?"

"నా కొడుకే ఆధారం. మంచిగ పుట్టలే?"

చాలామంది పండితులతో వాదించాను గానీ ఇంత పొట్టి సమాధానం ఎవరూ చెప్పలేదు. అయినా ఆగలేదు. భూమి నీడ, చంద్రుడి కక్ష్య, పెదవి చీలడానికి డాక్టర్లు చెప్పే కారణాలు, అన్నీ మెట్ల మీదే మొదలుపెట్టాను. ఆమె కూరల సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "సారూ, కొత్తిమీర వాడిపోతది," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే కోడలు పిల్ల నాకు తలంటింది.

"అంకుల్, మీరు అత్తమ్మతోని డిబేట్ పెట్టకున్రి. మీరు గెలిస్తే ఆమె మొండికేస్తది. ఉపాసం ఉండేది నేను."

"ఆమె చూడకుండా తినేయ్ తల్లీ."

"దొంగతనంగ తింటే, రేపు బిడ్డకు దగ్గు వచ్చినా నా మీదికే వస్తది. గ్రహణం నాడు తిన్నదంటరు. జిందగీ మొత్తం అంటరు. ఆమె ముందట కూసొని తినాలె నేను."

"అయితే ఆమె నమ్మకాన్నే మార్చాలి."

"మీ సంఘం వాళ్లు ఎన్నేండ్ల సంది మారుస్తున్నరు అంకుల్? నాకు వారం సుత టైమ్ లేదు." తర్వాత కాస్త తగ్గి అంది: "మా పనిల గిట్ల ఉండదు. పాత ప్రోగ్రాం నచ్చలేదని మొత్తం మళ్ల రాయం. దానికి ఒక లైబ్రరీ కలుపుతం. అత్తమ్మను రీరైట్ చెయ్యలేం. ఏదన్న కలుపుదాం."

లైబ్రరీ అంటే వాళ్ల పరిభాషలో పుస్తకాలుండే చోటు కాదు. ఎవరో ఎక్కడో కష్టపడి రాసి నలుగురి కోసం పెట్టిన లెక్కల కట్ట. ఆవకాయ మనమే పెట్టుకోనక్కర్లేదు, పెట్టడం వచ్చినవాళ్ల దగ్గర ఒక సీసా తెచ్చుకోవచ్చు. అలాగే ఆ కట్టను మన ప్రోగ్రాములోకి తెచ్చి కలుపుకుంటే, మనకు రాని లెక్క అది చేసిపెడుతుంది.

కలపదగింది అత్తగారి మాటల్లోనే దొరికింది. ఆమెకు వాళ్లమ్మ చెప్పిన నియమం ఒకటుంది: కళ్లకు కనపడని గ్రహణం పట్టదు. వేరే దేశంలో కనపడే గ్రహణానికి ఇక్కడ ఉపవాసం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ప్రత్యక్ష ప్రమాణవాదం ఏముంటుంది? ఈ గ్రహణం మనకు కనిపించేది చంద్రుడు పైకి వచ్చిన తర్వాత మిగిలిన ముక్కే అని నాకు తెలుసు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"టీవీల ఒకటి చెప్తరు, పేపర్ల ఒకటి రాస్తరు," అంది ఆమె. "ఒకడు హైదరాబాదంటడు, ఒకడు ఢిల్లీ అంటడు. మన డాబా మీదికి ఎప్పుడు కనబడ్తది, ఎప్పుడు విడుస్తది, గది ఖాయంగ చెప్పున్రి. గంతసేపే ఉంచుత."

"మాటేనా అక్కా?"

"మాటే."

ఆవేశంలో నేనే లెక్క కట్టి చూపిస్తానన్నాను. "ఒప్పుకున్నది మీరు, టైపు కొట్టేది సుత మీరే," అని కోడలు పిల్ల కుర్చీలో వెనక్కి వాలింది.

మొదటి అడుగులోనే కాలు జారింది. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటరులో ఒక ఫోల్డరు తెరవగానే ఒక ప్రశ్న వచ్చి అడ్డంగా నిలబడింది: ఈ ఫోల్డరులోని ఫైళ్లు రాసినవాళ్లను మీరు నమ్ముతున్నారా? కింద రెండు మీటలు. నమ్ముతాను, నమ్మను. ఇటువంటి ప్రశ్న కోసం నేను జీవితమంతా ఎదురుచూశాను. 'నమ్మను' నొక్కాను. వెంటనే సగం హంగులు మూగబోయాయి.

"అంకుల్, గా ఫోల్డర్‌ల ఉన్న ఒక్క ఫైలు మీరు రాసిందే."

"అయితే ఏం? మనిషి మొదట అనుమానించాల్సింది తననే."

"అనుమానించున్రి. కానీ నమ్ముతా అని నొక్కి అనుమానించున్రి. లేకుంటే పని నడ్వదు."

తర్వాత లైబ్రరీ వెతికాం. గ్రహణాలు, చంద్రోదయాలు లెక్కగట్టేది బాగున్నది ఒకటి దొరికింది. దాని పరిచయ పుట తెరిస్తే మొదటి పంక్తిలోనే గణపతి ప్రార్థన. రెండో పంక్తిలో గురువుగారి పాదాలకు నమస్కారం. నేను కుర్చీ వెనక్కి జరిపాను.

"ఇది వద్దు. నాస్తికుడు రాసింది చూడు."

"ఆయన దండం పెట్టింది దేవునికి, చంద్రునికి లెక్క కట్టింది సైన్సుతోని. పాత గ్రహణాలు వేధశాల చెప్పిన టైములతోని కలుస్తున్నయా లేదా అని పరీక్షలు సుత రాసి పెట్టిండు, చూడున్రి."

చూశాను. శుభ్రంగా కలుస్తున్నాయి. నాకు తెలిసిన నాస్తికుల్లో ఇంత ఓపికగా తన మాటను తానే పరీక్షించుకున్నవాడు ఒక్కడూ గుర్తు రాలేదు. వాళ్లలో నేనూ ఉన్నాను. అయినా పట్టు వదలక, లోపలి కోడంతా ఒక్కసారి చదివాకే కలుపుతానన్నాను.

"చదువుకుంట కూసుంటే ఈ గ్రహణం కాదు అంకుల్, నా బిడ్డ పెద్దగై చూసే గ్రహణం సుత అయిపోతది," అంది. ఒక ఆదేశం చెప్పింది, నేను కొట్టాను. ఒక్క లైబ్రరీని పిలిస్తే దాని వెనకాల ఇంకో అరడజను దిగాయి. పెళ్లికూతురితో తోడు వచ్చిన బలగంలా ఒకదాన్ని పట్టుకుని ఒకటి.

"ఇవన్నీ ఎవరు?"

"డిపెండెన్సీలు. అవి లేకుంటే ఇది నడ్వదు. తెలుగుల ఏమంటరు?"

ఆధారాలు అనబోయి ఆగాను. ఆగినా తప్పలేదు, మరో మాట లేదు. రుజువునూ ఆధారమే అంటాం, ఆనుకుని నిలబడేదాన్నీ ఆధారమే అంటాం. నేను ఇన్నాళ్లూ మొదటిదాన్ని మాత్రమే అడుగుతూ వచ్చాను. రెండోదాని గురించి ఎవరైనా నన్ను అడిగితే, నా బట్టలు ఉతికేది ఎవరు, నా వ్యాసాల అచ్చుతప్పులు దిద్దేది ఎవరు అనే జాబితాలో చర్చికి వెళ్లే మనిషి పేరే ముందు రాయాల్సి వచ్చేది.

ఇంత బలగం దిగినా ప్రోగ్రాము నడిపితే ఆ లైబ్రరీ పేరుతో ఏదీ లేదంది. మళ్లీ పిలిచాను. ఆల్రెడీ వచ్చి ఉందంది. నడిపితే లేదంది. నాకు ఒళ్లు మండింది. ఉందనీ లేదనీ ఒకే నోటితో చెప్పేవాళ్లతోనే కదా నేను పేచీ పెట్టుకుంటూ వచ్చింది.

కోడలు పిల్ల తెర మీదికి వంగి చూసి నవ్వింది. నా ల్యాప్‌టాప్‌లో పైథాన్లు రెండున్నాయట. ఒకటి ఎప్పటిదో పాతది, ఒకటి ఏదో వీడియో చూసి నేను ఎక్కించుకున్నది. నేను పిలిచిన చుట్టాలు పాత ఇంట్లో దిగారు. నా ప్రోగ్రాము కొత్త ఇంట్లో కూర్చుని వాళ్ల కోసం చూస్తోంది. ఇటువంటప్పుడు ప్రాజెక్టుకు విడిగా ఒక చోటు కట్టి, దానికి కావలసినవన్నీ అందులోనే పెట్టుకోవాలట. ఆ విషయాన్ని ఆమె నాకు అర్థమయ్యే తెలుగులో ఇలా చెప్పింది:

"పాతదానితోని ఒక్క ఇంట్ల పొసగది అంకుల్. రోజూ పరేషానే. దాన్ని మార్చాలని చూస్తే ఇంకా ఖరాబైతది. దాని మానాన దాన్ని ఇడిచిపెట్టి, మనం వేరు కాపురం పెట్టుడే మంచిది."

మా ఇంటి తలుపు తీసే ఉంది. అత్తగారు ఉడికించిన శనగలు కోడలికి ఇద్దామని గిన్నెతో గుమ్మం దాకా వచ్చి, ఈ ముక్క మొత్తం విని, గిన్నె చెప్పుల అర మీద పెట్టి వెళ్లిపోయింది. మేం చూసింది చల్లారిపోయిన గిన్నెను మాత్రమే.

సాయంత్రానికి నిప్పు రాజుకుంది. అత్తగారు కోడలితో మాట్లాడలేదు. కొడుకుతో మాట్లాడింది. మా ఆవిడ పాలు తేవడానికి తలుపు తీస్తే ఆమెతోనూ మాట్లాడింది. ఆ మాటలు మా ఆవిడ నాకు మోసుకొచ్చింది: "మీరు ఆ పిల్లకు వేరు కాపురం పెట్టమని నూరిపోస్తున్నారట. దేవుణ్ని తీసెయ్యమంటారు, సరే. అత్తగారిని కూడానా?"

వెళ్లి తలుపు తట్టాను. అత్తగారు తీసింది. నన్ను లోపలికి రమ్మనలేదు.

"మాట వాపసు తీస్కుంటున్న సారూ. గ్రహణం నాడు పొద్దుగాల కెల్లి ఉపాసమే. నా ఇంట్ల ఉన్నన్ని దినాలు నా పద్ధతే. ఏరువడ్డంక మీ ఇష్టమున్నట్టు తినిపియ్యున్రి."

ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. వెనకాల హాల్లో కోడలు పిల్ల ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని నిలబడి ఉంది.   పైథాన్ల పాత ఇంటి గురించి, కొత్త ఇంటి గురించి ఉపన్యాసం ఇచ్చి ఒక అత్తగారికి ధైర్యం చెప్పడం ఎలాగో ఏ గోష్ఠిలోనూ నాకు నేర్పలేదు.

కోడలు పిల్లే ముందుకొచ్చింది. అత్తగారి చెయ్యి పట్టుకుని, "రా అత్తమ్మా, వేరు కాపురం పెట్టింది ఎవరో చూపిస్త," అని మా ఇంట్లోకి లాక్కొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. ఎడమ పక్కన రెండు ఫోల్డర్లు చూపించింది. "గిది పాత ఇల్లు. గిది కొత్తది. గీ డబ్బాల సామానంతా కొత్తదాంట్ల పెట్టినం. ఏరువడ్డది గిదీ."

అత్తగారు తెరను, కోడలిని, నన్ను మార్చి మార్చి చూసింది.

"డబ్బాలకు వేరు కాపురమా?"

"అవు."

"దానికి గంత సంబురంగ మాట్లాడ్తరా?" అంది గానీ, కుర్చీలోంచి లేవలేదు. "ఏదీ, నడిపియ్యి. గంత కొట్లాట అయినంక ఏం చెప్తదో చూస్త."

నడిపాను. ఈసారి చుట్టాలందరూ ఒకే ఇంట్లో ఉన్నారు. అంకెలు వచ్చాయి. గ్రహణం విడిచే సమయం దగ్గర వేలు పెట్టి గర్వంగా చదివాను: "మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేడు."



"పగటీలి చంద్రగ్రహణమా సారూ?" అంది అత్తగారు. ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అదీ ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. కోడలు పిల్ల "అత్తమ్మా, నన్ను నవ్వియ్యకు, తన్నుతున్నడు లోపట," అంటూ గోడ పట్టుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. సాయంత్రం నుంచీ మాట్లాడుకోని అత్తాకోడళ్లు, మధ్యలో మా ఆవిడ, ముగ్గురూ నా భుజం మీద తుపాకీ పెట్టి రాజీ అయిపోయారు.

తప్పు నాదే. ఆ లైబ్రరీ లండన్ గడియారం ప్రకారం చెబుతుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంకెలు చూసి ఆనందంలో పగలూ రాత్రీ మరిచిపోయాను. కాలం తేడా సరిచేసే ఇంకో లైబ్రరీని కలిపాం, మా డాబా ఉన్న చోటును అంకెల్లో రాశాం. అప్పుడు తేలింది. పున్నమి నాడు చీకటి పడే వేళ చంద్రుడు మనకు కనిపించేసరికే గ్రహణం చివరికి వచ్చి ఉంటుంది. పైకి వచ్చినప్పటి నుంచి విడిచేదాకా ఇరవై నిమిషాలు.

"ఇరవై నిమిషాలే అక్కా," అన్నాను.

ఆమె నవ్వు తుడుచుకుని, కళ్లు చిన్నవి చేసి అడిగింది: "ఇందాక పగటీలన్నది, ఇప్పుడు సాయంత్రమంటున్నది. గీసారి నిజమే చెప్పిందని ఏం ఆధారం?"

నా ఆయుధం నా మీదికే వచ్చింది. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇన్నేళ్లలో నేను ఎవరికైనా హేతువాదం నేర్పానంటే ఆ క్షణంలోనే. అదీ నేను నేర్పింది కాదు.

"నువ్వే పరీక్ష పెట్టు."

"గ్రహణం దాంక ఆగను. రేపు చంద్రుడు ఎప్పుడు లేస్తడో చెప్పుమను. డాబా ఎక్కి చూస్త."

మర్నాడు పున్నమికి ఇంకా మూడు రోజులుంది. చంద్రోదయం నాలుగు కొట్టకముందే అని వచ్చింది. పట్టపగలు. ఆమె మళ్లీ నవ్వబోయి, మాటిచ్చింది కాబట్టి వచ్చింది. డాబా మీద ఎండు మిరపకాయలు తిరగేస్తూ తూర్పు వైపు చూస్తూ కూర్చుంది. నేను నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. ఎదుటి బిల్డింగులు దాటి రావడానికి చంద్రుడికి ఇంకాస్త సమయం పట్టింది. ఆ కాస్తలో నాకు చెమట ఎక్కువైంది. నాలుగు దాటుతుండగా కేబుల్ తీగల పైన, కడిగిన సున్నం మరకలా, తెల్లగా కనిపించాడు.

ఆమె మిరపకాయ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"గా గణపతి భక్తుడు మంచిగనే లెక్క కట్టిండు," అంది. ఆ భక్తి సంగతి కోడలు చెప్పినట్టుంది. నా పేరు మాత్రం ఎత్తలేదు.

గ్రహణం నాడు పొద్దున కోడలు ఇన్సులిన్ వేసుకుని అత్తగారి ముందే కూర్చుని జొన్నరొట్టె తిన్నది. మధ్యాహ్నం అన్నం, నాలుగింటికి గుగ్గిళ్లు. అత్తగారు వడ్డించింది గానీ, వడ్డించేటప్పుడు మొహం గోడ వైపు తిప్పుకుంది.  సాయంత్రం ఊరగాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద గరిక పోచలు పెట్టింది. వెళ్తూ వెళ్తూ కోడలి ల్యాప్‌టాప్ మీద కూడా ఒక పోచ పెట్టింది. ఆధారం అడగకుండా ఊరుకున్నాను. ఇరవై నిమిషాల కోసం కోడలిని పడకగదిలో పెట్టి తెరలు దించింది. "విడువంగనే చెప్పున్రి సారూ, పోరికి ఆకలైతది," అని నన్ను డాబా మీదికి తోలింది.

డాబా మీద అపార్టుమెంటు జనం సగం మంది ఉన్నారు. పిల్లల మొహాల నిండా హోళీ రంగులు. చంద్రుడు అంచు కొరికిన అట్టులా పైకి వచ్చాడు. నా జేబులో ఉపన్యాసం సిద్ధంగా ఉంది. పట్టడం, విడవడం అనే మాటలే తప్పని, అక్కడ పట్టేవాడూ విడిచేవాడూ ఎవడూ లేడని, భూమి నీడ తొలగడమే జరుగుతుందని, ఆ మాటలు వాడినంత కాలం ఆ పాము మన నోట్లో బతుకుతూనే ఉంటుందని రెండు వ్యాసాలు రాసినవాణ్ని. ఇంతమంది శ్రోతలు, పైన సాక్ష్యం. ఇటువంటి వేదిక మళ్లీ దొరకదు.

నీడ అంచు తగ్గి తగ్గి ఒక గీతై పోయింది. ప్రోగ్రాము చెప్పిన నిమిషానికే చంద్రుడు గుండ్రంగా నిండాడు. "భూమి నీడ తొలగింది" అని కింద ఫ్లాటుకు వినపడేలా అరిస్తే, దాని అర్థం ఏమిటని అత్తగారు మెట్లెక్కి వచ్చి అడుగుతుంది. నేను చెబుతాను. చెప్పేసరికి ఎంతసేపవుతుందో నాకు తెలుసు.

మెట్ల సందులోకి వంగి గొంతెత్తి అరిచాను: "అక్కా, విడిచింది."

మా ఆవిడ పక్కనే ఉంది. నా మొహం చూసి, నవ్వకుండా, ఆకాశం వైపు తిరిగింది.

కిందికి దిగేసరికి ఎదురింట్లో బాత్రూములో చెంబు చప్పుడు వినిపిస్తోంది. కోడలు పిల్ల అత్తగారి స్నానం అయ్యేదాకా ఆగలేదు. తను స్నానం చేయలేదు కూడా. హాల్లో బల్ల ముందు కూర్చుని పప్పన్నం కలుపుకుని గబగబా తింటోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నీళ్ల చప్పుడు ఆగింది. అత్తగారు తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి, కోడలిని చూసి, స్నానం మాట ఎత్తబోయినట్టు పెదవి కదిపింది. కోడలు ముద్ద నోట్లో పెట్టుకుని, తల దించకుండా, ఆమె కళ్లలోకే చూస్తూ నమిలింది.

అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుని, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"మెల్లగ తిను. ఎక్కిళ్లు వస్తయ్."